సింకు పక్కన ఆ టోపీని ఉండనివ్వండి

అమెరికాలో వంటగదిని కొత్తగా చేయించుకునే మనవాళ్ళు కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. "కుళాయి పక్కన ఆ స్టీలు టోపీ ఎందుకండీ? తీసేస్తే పోలా?" చాలామంది కాంట్రాక్టర్లకు కాదనడం ఇష్టముండదు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక తీసేసి ఆ కన్నంలో సబ్బు పంపు పెట్టిస్తానంటారు. వేల డాలర్లు పోసి వేయించుకున్న క్వార్ట్జ్ పలక మీద అడ్డమేమీ లేకుండా పోతుంది, ఇంటివాళ్ళు సంతోషిస్తారు.

ఆ పని చేయొద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ టోపీ ఉన్న పరికరం పేరే ఎయిర్ గ్యాప్. డిష్‌వాషర్‌కి అది ఉండాలి. మీ రాష్ట్రంలో నిబంధన ఉన్నా లేకపోయినా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అది చేసే పని ముందు చూద్దాం. అంట్లు కడిగిన నీటిని డిష్‌వాషర్ పంపు బయటికి తోస్తుంది. ఆ నీరు సన్న గొట్టంలో పైకెక్కి కౌంటర్ మీదున్న టోపీ లోపలికి వస్తుంది. అక్కడితో ఆ గొట్టం అయిపోతుంది. నీరు ఖాళీలోకి దూకి, పక్కనే ఉన్న లావుపాటి గొట్టంలో పడి, కిందికి జారి డిస్పోజర్‌లోకో (సింకు కింద తిండి ముక్కల్ని నలిపే యంత్రం) సింకు డ్రెయిన్‌లోకో పోతుంది. రెండు గొట్టాలకూ మధ్య ఉన్నది గాలి మాత్రమే. స్ప్రింగు లేదు, అరిగిపోయే రబ్బరు లేదు. డ్రెయిన్ మూసుకుపోయి మురుగు వెనక్కి తన్నితే టోపీకున్న సందుల్లోంచి సింకులోకి కారిపోతుందే గాని డిష్‌వాషర్‌లోకి వెళ్ళలేదు. గొట్టం మధ్యలో గాలి దూరింది కాబట్టి నీటిని వెనక్కి లాగే సైఫన్ కూడా పుట్టదు.

"దానికి బదులు హై లూప్ చాలు కదా" అని ఇంజనీర్లైన మిత్రులే అంటుంటారు. డ్రెయిన్ గొట్టాన్ని కౌంటర్ అడుగుకి ఆనేలా పైకెత్తి, అక్కడ బిగించి, మళ్ళీ కిందికి దించడమే హై లూప్. ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్‌ని అనుసరించే వర్జీనియా వంటి రాష్ట్రాల్లో అది చెల్లుతుంది. కాలిఫోర్నియా నియమావళికి యూనిఫాం ప్లంబింగ్ కోడ్ ఆధారం. ఆమోదం పొందిన ఎయిర్ గ్యాప్ లేకుండా ఇంటి డిష్‌వాషర్‌ని డ్రెయిన్‌కి గాని డిస్పోజర్‌కి గాని నేరుగా కలపకూడదని అందులోని 807.3 సెక్షన్ చాలా ఏళ్ళపాటు చెప్పింది. వేరే రాష్ట్రం నుంచి బే ఏరియాకి మారినవాళ్ళకి ఈ టోపీ వింతగా కనిపించేది అందుకే. డిష్‌వాషర్ మాన్యువల్‌లో హై లూప్ బొమ్మ వేసి ఉన్నా, పక్కనే స్థానిక కోడ్ పాటించమని కూడా రాసి ఉంటుంది. ఆ ముక్క మాత్రం ఎవరూ చదవరు.

హై లూప్ వల్ల ప్రయోజనం లేదని నేననను. గొట్టం నేల మీద పడి ఉండటం కంటే నూరుపాళ్ళు నయం. కానీ ఒక్కసారి ఎత్తులు పోల్చి చూడండి. లూప్‌ని ఎంత పైకి కట్టినా కౌంటర్ పలక అడుగుభాగం దాటదు. కౌంటర్ కింద బిగించే సింకుల్లో నీరు పొర్లే మట్టం ఆ పలక పైభాగం. అంటే సింకు నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం లూప్ కంటే పైనే ఉంటుంది. డ్రెయిన్ మూసుకుపోయి సింకు అంచుదాకా నిండితే, ఆ నీరు లూప్ దాటి అవతలికి దిగకుండా ఆపేది మెషీన్ దగ్గరున్న, నీటిని ఒక్క వైపే పోనిచ్చే చెక్ వాల్వ్ ఒక్కటే. దాని నోట్లో ఒక మెతుకు ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. అన్నం, పప్పు రోజూ వండే ఇళ్ళలో మెతుకు ఇరుక్కోదని పందెం కాయడం నాకిష్టం లేదు.

మన ఇళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి. మనలో చాలామంది గిన్నెలు చేత్తోనే తోముకుని, డిష్‌వాషర్‌ని వాటిని ఆరబెట్టే అరలా వాడుకుంటారు. "మెషీన్ నడపనే నడపం, మాకెందుకు ఎయిర్ గ్యాప్" అని వాళ్ళకి అనిపించడం సహజం. నిజానికి ప్రమాదం వాళ్ళకే ఎక్కువ. రోజూ నడిచే మెషీన్‌లోకి మురుగు చేరితే తర్వాతి విడతలో వేడినీళ్ళు, సబ్బు తగులుతాయి. ఆరబెట్టే అరలోకి చేరితే ఏవీ తగలవు. అడుగున ఫిల్టర్ దగ్గర జానెడు మేర నిలిచిన నీళ్ళని కింది ట్రే బయటికి లాగి వంగి చూస్తే తప్ప కనిపెట్టలేం. ఆ పైనే పిల్లలు పాలు తాగే గ్లాసులు బోర్లించి ఉంటాయి. ఎంగిలి గరిటె కూరలో పెడితే ఊరుకోని ఇళ్ళు మనవి. కోడిమాంసం కడిగిన నీళ్ళు కలిసిన సింకు మురుగు ఆ గ్లాసుల కిందికి చేరే దారిని, కేవలం కౌంటర్ అందం కోసం, తెరిచి ఉంచడం నాకు మింగుడుపడదు.

గొట్టంలో నీరు మనం పంపిన వైపే పోతుందన్న నమ్మకం ఎంత ప్రమాదమో ఈ దేశానికి షికాగో చూపించింది. 1933లో వరల్డ్స్ ఫెయిర్‌కి వచ్చినవాళ్ళు బస చేసిన హోటళ్ళలో, ప్లంబింగ్ లోపాల వల్ల మురుగు మంచినీటిలో కలిసి అమీబిక్ డిసెంటరీ వ్యాపించింది. 98 మంది చనిపోయారు. అది తాగునీటి గొట్టాల సంగతి, ఇది డ్రెయిన్ సంగతి; తేడా ఉందని ఒప్పుకుంటాను. అయినా మురికికీ శుభ్రతకూ మధ్య గాలి ఖాళీ వదలమనే సూత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక ఏది కొనాలి? టోపీ రంగు గురించి గంటలు చర్చించుకుని మిగతావి వదిలేస్తుంటారు గనక రంగు మాట చివర చెబుతాను. మొదట చూడాల్సింది పెట్టె మీద ఏఎస్ఎస్ఈ 1021 అన్న గుర్తు. ఇంటి డిష్‌వాషర్ డ్రెయిన్ ఎయిర్ గ్యాప్‌ల కోసమే ఉన్న ప్రమాణం అది. రెండోది కన్నం. మామూలుగా 1 3/8 అంగుళాల కన్నం కావాలి. స్టీలు సింకుకి నాలుగో కన్నం ఉంటే సమస్యే లేదు. క్వార్ట్జ్, గ్రానైట్ అయితే పలక కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళకే ఆ రోజే చెప్పాలి. కుళాయి, ఆర్వో కుళాయి, సబ్బు పంపు అని లెక్క చెప్పి దీన్ని మరిచిపోతే, పలక అమర్చాక డైమండ్ బిట్‌తో నీళ్ళు పోస్తూ కోయించాల్సి వస్తుంది. ఇంట్లో డ్రిల్ ఉంది కదా అని రాయి మీద సొంతంగా ప్రయత్నించొద్దు.

ఆర్వో కుళాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. కొన్ని ఆర్వో కుళాయిలకి తమదైన ఎయిర్ గ్యాప్ ఉంటుంది. అది ఫిల్టర్ వదిలేసే నీటి కోసం పెట్టిన సన్న గొట్టాల ఏర్పాటు. డిష్‌వాషర్ నీరు అందులోంచి పోదు. "ఎయిర్ గ్యాప్ ఉన్న కుళాయి కొన్నాం, ఇంకోటి అక్కర్లేదు" అనుకున్న కుటుంబాలను చూశాను.

మూడోది చోటు. ఎయిర్ గ్యాప్ ఒంటి మీద ఎఫ్ఎల్ (ఫ్లడ్ లెవెల్) అన్న అక్షరాలతో ఒక గీత ఉంటుంది. ఆ గీత సింకు పొర్లే మట్టానికి సమానంగా గాని పైన గాని ఉండాలి. టోపీకున్న సందులు సింకు వైపే తిరిగి ఉండాలి. గోడ వైపు తిరిగితే, పొంగిన రోజున నీళ్ళు కౌంటర్ మీదుగా పారి క్యాబినెట్ చెక్కలోకి దిగుతాయి. అందుకే సింకు అంచుకి వీలైనంత దగ్గరగా పెట్టించండి.

రంగంటారా, మీ కుళాయి ఏ రంగైతే ఆ రంగు దొరుకుతుంది: క్రోమ్, బ్రష్డ్ నికెల్, మ్యాట్ బ్లాక్. సాదా క్రోమ్‌ది ఇరవై డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. కుళాయి కంపెనీ పేరుతో వచ్చేది దానికి రెండింతలు, మూడింతలు ఉండొచ్చు. చాలావాటిలో పైన తొడుగు లోహం, లోపల ఒళ్ళు ప్లాస్టిక్. లోపలి పని రెండింటిలోనూ ఒకటే గనక ఎక్కువ పెట్టేది కంటికోసమే. కంటికోసం పెట్టడమూ సబబే. టోపీ కుళాయితో కలిసిపోతే తీసేయాలన్న కోరికే పుట్టదు.

బిగించడంలో కష్టమైన పనేమీ లేదు, కానీ రెండుచోట్ల చూపు పెట్టాలి. మొదటిది గొట్టాలు. డిష్‌వాషర్ నుంచి వచ్చేది 5/8 అంగుళాల కాలుకి, డిస్పోజర్‌కి పోయేది 7/8 అంగుళాల కాలుకి తగిలించి స్టీలు క్లాంపులు బిగించాలి. ఈ లావు గొట్టం టోపీ నుంచి డిస్పోజర్ దాకా ఏటవాలుగా, ఎక్కడా పొట్ట జారకుండా దిగాలి. పొడుగెక్కువైతే కత్తిరించండి, మడిచి వదిలేస్తే ఆ మడతలో నీరు నిలిచి, జిడ్డు పేరుకుంటుంది. రెండోది డిస్పోజర్. కొత్త డిస్పోజర్ పక్కనున్న గొట్టం మూతి లోపల ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో తట్టి దాన్ని ఊడగొట్టి, లోపల పడిన ముక్కని బయటికి తీయాలి. అది మరిచిపోతే మొదటి వాష్‌లోనే నీళ్ళన్నీ టోపీలోంచి ఎగజిమ్ముతాయి, పాపం నింద ఎయిర్ గ్యాప్ మీద పడుతుంది. అంతా అయ్యాక మెషీన్‌ని డ్రెయిన్‌లో పెట్టి, పొడి టిష్యూ కాగితంతో ఒక్కో అతుకునీ చుట్టూ తుడిచి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కాగితానికి తెలుస్తుంది.

"అది ఉమ్ముతుందండీ" అన్నది మన మిత్రులు చేసే పెద్ద ఫిర్యాదు. ఉమ్ముతోందంటే కింద ఏదో మూసుకుపోయిందని చెబుతోందన్నమాట. అది లేకపోతే అదే అడ్డంకి క్యాబినెట్ లోపలో మెషీన్ అడుగునో తేలేది, మనకి వాసన వచ్చేదాకా తెలిసేది కాదు. ఇలా ఉమ్ముతోందని తీయించేయబోతున్న ఒక మిత్రుడి ఇంట్లో టోపీ పైకి లాగి, లోపలి ప్లాస్టిక్ మూత విప్పి చూశాం. ఆవాలు, కరివేపాకు ఈనెలు, వాటిని పట్టి ఉంచిన తెల్లటి నెయ్యి పొర. పాలసీసాలు కడిగే సన్న బ్రష్‌తో లావు గొట్టంలోకి నాలుగుసార్లు ఆడించి, వేడినీళ్ళు పోశాం. ఉమ్మడం ఆగిపోయింది. కొన్ని నెలలకోసారి ఇది చేసుకుంటే చాలు. పళ్ళేల్లోని కరివేపాకు, తాలింపు గింజలు ముందే చెత్తబుట్టలోకి తోసేస్తే అదీ అరుదుగానే అవసరమవుతుంది.

ఇప్పటికే తీసేసి సబ్బు పంపు పెట్టించుకున్నవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఆ కన్నం చాలావరకు దీనికి సరిపోతుంది. కాస్త చిన్నదైతే రాతి పనివాళ్ళు వెడల్పు చేసిపెడతారు. డిష్‌వాషర్ గొట్టం పైదాకా అందకపోతే అదే కొలత ముక్క, ఒక అతుకు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. పని తెలిసినవాళ్ళకి ఒక శనివారం ఉదయం చాలు, తెలియనివాళ్ళు ప్లంబర్‌ని పిలవండి. సబ్బు సీసాలో పోసి కౌంటర్ మీద పెట్టుకోవచ్చు.