ఎవరూ ధర్నా చేయని సిలబస్

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే ఒక మాట వినిపిస్తుంటుంది: "సెలవుల్లో కమ్యూనిటీ కాలేజీలో జెన్‌ఎడ్లు అవగొట్టేస్తున్నాడు." ఏ మేజర్ (ప్రధాన విషయం) తీసుకున్నవారైనా చదివి తీరవలసిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు, అంటే చరిత్ర ఒకటి, సాహిత్యం ఒకటి, ప్రయోగశాల ఉన్న సైన్సు ఒకటి, సమాజశాస్త్రం ఒకటి, ఆ పిల్లవాడికి పాత బాకీలా కనిపిస్తున్నాయి. ఎక్కడ చవకగా తీరితే అక్కడ తీర్చేస్తున్నాడు. ఇందులో అతని తప్పు గానీ, అతని తల్లిదండ్రుల తప్పు గానీ నాకు కనిపించదు. బాకీ పద్దులా రాసి చేతికిచ్చిన కాగితాన్ని ఎవరైనా బాకీ పద్దులాగే చూస్తారు. తప్పు ఆ కాగితం రాసినవారిది.

ఈ చర్చ పాతదే. హార్వర్డ్‌లో 1869 నుంచి నలభై ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్ తప్పనిసరి పాఠాలను ఒక్కొక్కటిగా ఎత్తేసి ఎంపికను విద్యార్థి ఇష్టానికి వదిలేశాడు. ఆయన తర్వాత 1909లో వచ్చిన లారెన్స్ లోవెల్ ఆ స్వేచ్ఛకు పగ్గం వేసి, ఒక విషయంలో లోతు, మిగిలిన విభాగాల్లో తలా కొంచెం అనే పద్ధతిని తెచ్చాడు. ఆ 'తలా కొంచెం' పద్ధతికే డిస్ట్రిబ్యూషన్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, కొలంబియా కాలేజీ అందరికీ ఒకే ఉమ్మడి కోర్సు అనే దారి పట్టింది. 1969లో బ్రౌన్ విశ్వవిద్యాలయం ఈ తప్పనిసరుల గొడవే వద్దని తలుపులు బార్లా తెరిచింది. అమెరికాలోని అత్యధిక కళాశాలలు ఇవాళ నడుస్తున్నది మాత్రం చూడటానికి మధ్యేమార్గంలా ఉండే డిస్ట్రిబ్యూషన్ దారిలోనే. మూడింటిలోనూ అధ్వాన్నమైనది అదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే అందులో విద్యకు సంబంధించిన నిర్ణయం ఎక్కడా ఉండదు. ఒక విభాగంలో ఎన్ని అధ్యాపక పోస్టులు నిలుస్తాయన్నది ఆ విభాగం తరగతుల్లో ఎంతమంది కూర్చుంటున్నారన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. మేజర్‌గా ఎంచుకునేవారు తగ్గిపోతున్న విభాగానికి తప్పనిసరి జాబితాలో చోటు దక్కడం బతుకుతెరువు సమస్య. అందువల్ల పాఠ్య సంఘం కూర్చున్నప్పుడు పద్దెనిమిదేళ్ల మనిషికి ఏం తెలియాలన్న ప్రశ్న పక్కకు జరిగి, ఎవరినీ నొప్పించకుండా ఎలా బయటపడాలన్న ప్రశ్న ముందుకొస్తుంది. పెళ్లిలో ఏ బంధువూ అలగకుండా తలా ఒక జత బట్టలు పెట్టినట్టు ప్రతి విభాగానికీ ఒక కోర్సు పెడతారు. ఆ బట్టలు ఎవరికైనా సరిపోయాయా అని ఏ పెళ్లిలోనూ ఎవరూ చూడరు. విద్యార్థులు ఈ సంగతి తొందరగానే పసిగడతారు. సైన్సు బాకీ సులువుగా తీర్చే భూగర్భశాస్త్ర కోర్సుకు అమెరికన్ క్యాంపస్‌లలో 'రాక్స్ ఫర్ జాక్స్' అనే ముద్దుపేరుంది, అంటే ఆటగాళ్ల కోసం రాళ్ల పాఠం. లెక్కలు లేని భౌతికశాస్త్రానికి 'ఫిజిక్స్ ఫర్ పోయెట్స్' అని మరో పేరు. కవులను ఇంత తక్కువ అంచనా వేసిన మాట ఇంకొకటి ఉండదేమో గానీ, ఆ పేర్లు పెట్టిన విద్యార్థుల చురుకుదనాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

ఇప్పుడు ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ నగరానికి వద్దాం. అక్కడి రీడ్ కాలేజీ 1908లో స్థాపించిన లిబరల్ ఆర్ట్స్ కళాశాల. విద్యార్థులు అందరూ కలిపి సుమారు 1400 మంది. రీడ్‌లోనూ విభాగాలవారీ తప్పనిసరులు ఉన్నాయి, వాటిని గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. చెప్పుకోవలసింది 'హ్యుమానిటీస్ 110' గురించి. అక్కడివాళ్లు దాన్ని హమ్ 110 అంటారు. రేపు అణుభౌతికశాస్త్రం చదవబోయేవాడైనా, ఆర్థికశాస్త్రం చదవబోయే అమ్మాయైనా, మొదటి సంవత్సరంలో ఆ కోర్సు చదవకుండా ముందుకు పోలేరు. పెద్ద హాలులో అందరికీ కలిపి ఉపన్యాసం ఉంటుంది. తర్వాత చిన్న చిన్న జట్లుగా బల్ల చుట్టూ కూర్చుని వాదించుకునే 'కాన్ఫరెన్స్' ఉంటుంది. చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం, మతాధ్యయనం, ప్రాచీన గ్రీకు లాటిన్ విభాగాల ఆచార్యులు వంతులవారీగా ఉపన్యాసాలిస్తారు. దీనివల్ల చరిత్ర ఆచార్యుడు గ్రీకు విషాదాంత నాటకాన్ని, తత్వశాస్త్రం చెప్పే ఆవిడ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను తమ జట్టుతో కలిసి చదవవలసి వస్తుంది. తనది కాని పొలంలో గురువు తడబడుతూ నడవడం కళ్లారా చూసిన విద్యార్థికి చదవడమంటే ఏమిటో ఆ ఏడాదిలోనే తెలుస్తుంది.

ఆ కోర్సులో దశాబ్దాలపాటు పెద్దపీట గ్రీకులదే. 'ఇలియడ్' చివర ముసలి రాజు ప్రియామ్ రాత్రివేళ శత్రు శిబిరంలోకి వచ్చి, తన కొడుకును చంపిన అకిలీస్ చేతులను ముద్దు పెట్టుకుని శవాన్ని ఇమ్మని అడుగుతాడు. అకిలీస్ తన తండ్రిని తలచుకుని ఏడుస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎవరి దుఃఖం వాళ్లు ఏడుస్తారు. ఒకే వారంలో కొన్ని వందల మంది పద్దెనిమిదేళ్లవాళ్లు ఇదే ఘట్టం చదివితే ఏమవుతుందో ఊహించండి. రసాయనశాస్త్రం చదవబోయే కుర్రాడు, పక్కగదిలో ఉండే, అప్పటిదాకా పలకరింపు కూడా లేని మరొక కుర్రాడు భోజనాల దగ్గర కూర్చుని అకిలీస్ నిజంగా క్షమించాడా లేదా అని తగువు పడతారు. డిస్ట్రిబ్యూషన్ పద్ధతిలో ఈ తగువు పుట్టే వీలే లేదు. ఒకడు సినిమా చరిత్ర, ఇంకొకడు ఓషనోగ్రఫీ, మరొకడు మధ్యయుగపు జపాన్ చదువుతుంటే ఎవరు ఎవరితో దేని గురించి వాదిస్తారు?

2016లో ఈ కోర్సు మీదనే రీడ్‌లో పెద్ద అలజడి రేగింది. నల్లజాతివారి మీద పోలీసుల హింసకు నిరసనగా సెప్టెంబరులో తరగతులు బహిష్కరించిన విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడి, హమ్ 110 యూరప్ గొప్పతనాన్ని నూరిపోసే కోర్సుగా మారిందని, దాన్ని సమూలంగా మార్చాలని పట్టుబట్టారు. ఆ విద్యాసంవత్సరంలో వాళ్లు ప్లకార్డులు పట్టుకుని ఉపన్యాసశాల ముందుభాగంలో కూర్చున్నారు. 2017లో కొత్త విద్యార్థులకు ఇవ్వవలసిన తొలి ఉపన్యాసం నిరసన వల్ల రద్దయింది. కొత్తగా చేరినవారిలోనే కొందరు లేచి, మమ్మల్ని పాఠం విననివ్వండని నిరసనకారులకు ఎదురుతిరిగారు. చివరికి 2018లో అధ్యాపకులు కోర్సు రూపాన్ని మార్చి, ప్రాచీన మధ్యధరా ప్రపంచానికి తోడు మెక్సికో నగరాన్ని, న్యూయార్క్‌లో నల్లజాతివారి పేటగా పేరుపడ్డ హార్లెమ్‌ను చేర్చారు. ఉద్యమకారుల్లో చాలామందికి అది చాలలేదు. సంప్రదాయవాదులకు అదే ఎక్కువైంది.

ఈ కథను అమెరికా పత్రికలు రెండు రకాలుగా చెప్పాయి. విద్యార్థుల అసహనం చదువును చెడగొడుతోందని ఒక వర్గం, తెల్లవారి సిలబస్‌కు కాలం చెల్లిందని ఇంకో వర్గం. రెండు వర్గాలూ అసలు విషయాన్ని వదిలేశాయి. 'గ్రూప్ బి నుంచి ఏవైనా రెండు కోర్సులు' అనే నిబంధనకు వ్యతిరేకంగా ఎవరైనా ప్లకార్డు పట్టుకుని కూర్చోవడం మీరు విన్నారా? నేను వినలేదు. అందులో ఏమీ లేదు గనుక దాని మీద కోపం రాదు. హమ్ 110 మీద కోపం వచ్చిందంటే అర్థం, అది తమదని, అందులో ఏముంటుందో తమ జీవితానికి సంబంధించిన విషయమని పంతొమ్మిదేళ్ల పిల్లలు నమ్మారని. హెరొడోటస్ మీద ధర్నా చేయాలంటే ముందు హెరొడోటస్‌ను చదవాలి, లేదా కనీసం అతను ముఖ్యుడని ఎవరో నమ్ముతున్నారని తెలియాలి. ఒక తప్పనిసరి కోర్సు బతికి ఉందో లేదో తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. నాకు హోమర్ మీద ప్రత్యేకమైన మోజు లేదు. జాబితాలో హోమర్ ఉన్నాడా, హార్లెమ్ కవులున్నారా అన్నది రెండో ప్రశ్న. అందరిముందూ ఒకే పుస్తకం ఉందా, దాన్ని అక్కడ ఎందుకు పెట్టారో అధ్యాపకులు బాహాటంగా సమర్థించుకోవలసి వస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

ఎదుటివాదం కూడా రీడ్ నుంచే వస్తుంది. 1972లో అక్కడ చేరిన స్టీవ్ జాబ్స్ ఒక సెమిస్టర్ తర్వాత చదువు మానేసి, తప్పనిసరి కోర్సుల పీడ వదిలించుకుని, నచ్చిన తరగతుల్లో వెనక కూర్చుని కాలిగ్రఫీ నేర్చుకున్నాడు. మ్యాకింటాష్ అక్షరాల అందానికి అదే మూలమని 2005లో స్టాన్‌ఫర్డ్‌లో తానే చెప్పాడు. ఏడాదికి 60 వేల డాలర్లకు పైగా ట్యూషన్ కడుతున్నవాడికి తనకేం కావాలో ఎంచుకునే హక్కు లేదా అన్నది బ్రౌన్, ఆమ్‌హర్స్ట్ కళాశాలల ఓపెన్ కరిక్యులమ్ (తప్పనిసరుల జాబితా లేని పద్ధతి) వాదన కూడా. దాని నిజాయితీని నేను గౌరవిస్తాను, డిస్ట్రిబ్యూషన్ కన్నా అది వెయ్యి రెట్లు నయం. కానీ నచ్చినదే చదవాలంటే ముందు నచ్చడం నేర్చుకోవాలి. పదిహేడేళ్లకు మనకు తెలిసిన ఇష్టాలన్నీ అప్పటిదాకా మన కంటబడినవే, వాటిలో సగం పక్కింటివాళ్లవి.

రీడ్‌లో ఇంకో ఆచారముంది. దిద్ది ఇచ్చిన వ్యాసం మీద గ్రేడు వేయరు, అంచుల్లోనూ చివరా వ్యాఖ్యలు రాసి ఇస్తారు. గ్రేడు రిజిస్టర్‌లో ఎక్కుతుంది గానీ, విద్యార్థి అడిగితేనే చెబుతారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మా బంధువుల అమ్మాయి గుర్తొస్తుంది. ఇంటర్‌లో సంస్కృతం పేపర్లో వందకు 98 తెచ్చుకుంది. సంతోషించి, "ఏదీ, ఒక్క శ్లోకం చెప్పమ్మా" అన్నాను. నవ్వేసి, "అవన్నీ పరీక్ష అయ్యాక ఎవరికి గుర్తుంటాయి బాబాయ్! జవాబులు చాలావరకు ఇంగ్లిషులోనే కదా రాసింది" అంది.

మన ఇంటర్మీడియట్‌లోనూ జనరల్ ఎడ్యుకేషన్ ఉంది. దాని పేరు సెకండ్ లాంగ్వేజ్. ఎంపీసీవారికీ, బైపీసీవారికీ, సీఈసీవారికీ ఏళ్ల తరబడి తప్పనిసరిగా ఉంటూ వచ్చిన ఆ సాహిత్య పాఠం కోసం తెలుగు పిల్లలు తెలుగును వదిలి సంస్కృతానికి పోవడానికి కారణం కాళిదాసు మీద ప్రేమ కాదని ఊళ్లో అందరికీ తెలుసు. మార్కులు పడతాయి, అంతే. తెలుగు దెబ్బతింది, సంస్కృతమూ బాగుపడలేదు. ఏ తప్పనిసరి పాఠమైనా మార్కుల తక్కెడలో పడితే ఏమవుతుందో చూడటానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు.

ఈ రోగాన్ని మనవాళ్లు గుర్తించక కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా సరసన ఆర్థర్ మోర్గన్ అనే అమెరికన్ కూడా అందులో సభ్యుడు. ఒహాయోలోని యాంటియాక్ అనే లిబరల్ ఆర్ట్స్ కళాశాలకు ఆయన పూర్వాధ్యక్షుడు. ఇంటర్మీడియట్‌లోనూ డిగ్రీలోనూ విషయ విభజన మితిమీరిందని, దాన్ని సరిదిద్దడానికి ఆలస్యం చేయకుండా జనరల్ ఎడ్యుకేషన్‌ను ప్రవేశపెట్టాలని ఆ కమిషన్ 1949లో సిఫారసు చేసింది. అప్పటినుంచి మనం చేసిందల్లా పదిహేనేళ్లకే పిల్లవాణ్ని ఎంపీసీ గదిలోనో బైపీసీ గదిలోనో పెట్టి తలుపు వేయడం. ఆ తలుపు తీస్తామంటూ 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన పాఠ్య చట్రం మూడేళ్ల డిగ్రీలోని 120 క్రెడిట్లలో 9 క్రెడిట్లను మల్టీడిసిప్లినరీ కోర్సులకు కేటాయించింది. ఫలానా జాబితాల నుంచి ఎంచుకోండి అంటోంది. అమెరికా నుంచి తెచ్చుకోదగ్గవి ఎన్నో ఉండగా ఏరికోరి ఆ బాకీ పద్దునే తెచ్చుకున్నాం. నాలుగేళ్లలో దానికీ 'అవగొట్టడం' అనే క్రియ స్థిరపడుతుంది.

ఆ 9 క్రెడిట్లనూ ఒకే చోట పోసి, ఒక్క విశ్వవిద్యాలయం ధైర్యం చేసి, బీకామ్, బీఎస్సీ, బీఏ తేడా లేకుండా మొదటి ఏడాది అందరికీ ఒకే ఉమ్మడి కోర్సు పెట్టిందనుకుందాం. మొదటి నెలలో రెండే పుస్తకాలు. రామగిరి నుంచి అలకాపురికి మేఘంతో కబురు పంపిన యక్షుడి కావ్యం ఒకటి. ఆ సందేశ కావ్య మార్గంలోనే, తంజావూరు నుంచి కాశీలోని శివుడికి గబ్బిలంతో తన ఆకలి కబురు పంపిన, అంటరానివాడని ఊరు వెలివేసిన అరుంధతీ సుతుడి కథ, 1941లో జాషువా రాసినది, రెండోది. పాఠం చెప్పేది తెలుగు లెక్చరర్ ఒక్కరే కాదు, వంతులవారీగా ఎకనామిక్స్ ఆయన, బాటనీ మేడమ్ కూడా. గర్భగుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉన్న ప్రవేశం, దాన్ని పంపిన మనిషికి ఎందుకు లేదని రెండోవారంలోనే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. తరగతి రెండుగా చీలుతుంది. ఒక సంఘం కాళిదాసును తీసేయమని, ఇంకో సంఘం జాషువాను తీసేయమని ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయిస్తాయి. స్థానిక చానల్ మైకు పట్టుకుని వస్తుంది. ఆ సాయంత్రం హాస్టల్లో కంప్యూటర్ సైన్సు కుర్రాడొకడు, ఇంతకీ ఆ గబ్బిలం ఏమందో చూద్దామని, పరీక్షకు రాని పేజీలు కూడా తిరగేస్తాడు.