పచ్చడబ్బా పరిత్యాగ వ్రతం

మెటల్ వాయించే గిటారిస్టుల్లో ఒక నిష్ఠాపరుల శాఖ ఉంది. ఆంప్ (యాంప్లిఫయర్) ముందు బూస్ట్ పెడల్, అంటే సిగ్నల్‌ని పెంచే చిన్న డబ్బా, పెట్టకూడదన్నది వాళ్ళ నియమం. గిటారు, కేబుల్, ఆంప్, అంతే. మడి కట్టుకున్న సిగ్నల్‌ని దారిలో ఏ పెడలూ తాకరాదు. ఇంత పవిత్రమైన సంకల్పాన్ని వెక్కిరించడం మర్యాద కాదు గనక, వ్రతవిధానం చూద్దాం.

వదిలేసేది ఏమిటో తెలియకుండా వదిలేస్తే అది త్యాగం కాదు, మరుపు. ఐబనీజ్ వాళ్ళు 1979లో తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ 808, ఆ తర్వాత వచ్చిన దాని తమ్ముడు టీఎస్ 9, ఈ రెండు ఆకుపచ్చ పెడళ్ళే మనం బహిష్కరిస్తున్న పచ్చడబ్బాలు. డ్రైవ్ (బొంగురు పెంచే నాబ్) సున్నాకి, లెవెల్ (బయటికొచ్చే బలం) చివరికంటా తిప్పి ఆంప్ ముందు పెడతారు. పేరుకే బూస్ట్. లోపల 4.7 కిలోఓమ్ రెసిస్టరు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి పైనున్న వాళ్ళకు ధారాళంగా వడ్డన, కిందికి పోయేకొద్దీ పిసినారితనం. అన్నిటికన్నా లావైన ఆరో తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. బి స్వరం దాకా దించితే 62. పంక్తి చివర కూర్చున్న ఆ పాపం తీగకి విస్తట్లో పడేది అంతంతమాత్రం. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగని అదిమి వాయించడం) "జగ్ జగ్" అని తెగడానికి అసలు కారణం ఆ పిసినారితనమే.

కాబట్టి డబ్బా మానేసినవాడు బాస్‌ని (కింది స్వరాల్ని) ఇంకెక్కడో కోయాలి, అదీ గెయిన్‌కి, అంటే సిగ్నల్‌ని పెంచి బొంగురు చేసే దశలకి, ముందే. బియ్యంలో రాళ్ళు ఎసట్లో పోయకముందు ఏరాలి. అన్నం ఉడికాక ఏరుతూ కూర్చుంటే పళ్ళే పోతాయి. బాస్ నాబ్ ఉందిగా అంటారు. మార్షల్ 2203లోనూ, మీసా డ్యుయల్ రెక్టిఫయర్‌లోనూ ఆ నాబ్ ఉండేది గెయిన్ దశలన్నీ దాటాక. దాన్ని సున్నాకి తిప్పితే బురద (బాస్ ఎక్కువై శబ్దం అలుక్కుపోవడం) తగ్గదు, పల్చని బురద వస్తుంది. మీసా మార్క్ సిరీస్ ఆంపుల్లో మాత్రం టోన్ నాబులు గెయిన్‌కి ముందున్నాయి. అందుకే అవి తెలిసినవాళ్ళు బాస్‌ని 1, 2 దగ్గర ఉంచి, పోయిన దమ్ముని చివర్లో ఉండే గ్రాఫిక్ ఈక్యూలో (ఒక్కో హెర్ట్జ్ పట్టీకి ఒక్కో స్లైడరు) 80 హెర్ట్జ్ స్లైడరు లేపి తెచ్చుకుంటారు. ఆ ఆంప్ ఉన్నవాళ్ళు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి రిహార్సల్‌కి పోవచ్చు.

మిగతా భక్తులు ముందు గెయిన్ 8 నుంచి 5కి దించాలి. ఇక్కడే సగంమంది వ్రతభంగం చేసుకుంటారు. గెయిన్ తగ్గితే పిక్ గట్టిగా కొట్టాలి, చెయ్యి నొప్పెడుతుంది, మన వాయింపు మనకే వినబడుతుంది. తర్వాత బ్రిడ్జ్ పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్పుల్లో బ్రిడ్జ్ పక్కది): ఆరో తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగకీ పికప్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లు వచ్చేదాకా ఆ వైపు స్క్రూ దించండి, సన్నతీగ వైపు 2 చాలు. పైసా ఖర్చు లేదు గనక దీన్నెవరూ చేయరు. గిటారు మీద వాల్యూమ్ తగ్గిస్తే సరిపోదా? గెయిన్ తగ్గే మాట నిజమే గానీ, మామూలు వైరింగ్‌లో దాంతోపాటు ముందు పోయేది ట్రెబుల్. నాయిస్ గేట్ (సిగ్నల్ సన్నగిల్లగానే మూసుకునే తలుపు) సంగతి సరేసరి: అది నోటుకీ నోటుకీ మధ్య చీపురు పట్టగలదు, నోటు లోపలి బురద దాని పరిధిలోది కాదు.

గిటారు లోపలే కోయాలనుకుంటే పికప్‌కీ వాల్యూమ్ నాబ్‌కీ మధ్య వరుసలో ఒక కెపాసిటరు పెట్టొచ్చు. 500 కిలోఓమ్ నాబ్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే 2.2 నానోఫారడ్ 145 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. కానీ టోన్ నాబూ, ఆంప్ ఇన్‌పుటూ కూడా భారమే గనక అసలు కోత ఇంకా పైన పడుతుంది, గిటారు కాస్తా దోమలా పాడుతుంది. 4.7తో మొదలెట్టండి.

ఇక ఆంప్ పొట్ట కోసే ఘట్టం. మార్షల్ తరహా ఆంప్‌లో మొదటి ట్యూబ్ దశ నుంచి గెయిన్ నాబ్‌కి వెళ్ళే కెపాసిటరు 22 నానోఫారడ్. ఒక మెగాఓమ్ నాబ్‌తో అది 7 హెర్ట్జ్ దాకా ద్వారం తెరిచి కూర్చుంటుంది, భూకంపాలక్కూడా ప్రవేశం. దాని బదులు 2.2 నానో, 630 వోల్టులది వేస్తే గడప 72 హెర్ట్జ్‌కి పెరుగుతుంది. 1 నానో అయితే 159కి. తర్వాతి దశల మధ్య కెపాసిటర్లకు ఇంకో దురలవాటుంది: గట్టిగా కొట్టినప్పుడు ట్యూబ్ గ్రిడ్ కరెంటు లాగుతుంది, కెపాసిటరు నిండుతుంది, ఖాళీ అయ్యేదాకా ఆ దశ నోరు మెదపదు. 22 నానో, ఒక మెగాఓమ్ అంటే కాలస్థిరాంకం 22 మిల్లీసెకన్లు. తేరుకోవడానికి అలాంటివి మూడు కావాలి. 200 టెంపోలో పదహారో వంతు నోటు ఉండేదే 75 మిల్లీసెకన్లు. నిన్నటి పెళ్ళిభోజనం అరిగీ అరక్కముందే ఇవాళ్టి బంతిలో కూర్చున్నట్టు.

హెచ్చరిక: ప్లగ్ పీకినా లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు. రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరు పెట్టి సున్నా చూశాకే వేలు పెట్టండి. చిన్న డబ్బా కొనడం నామోషీ అనుకున్నవాడికి ఇదే తగిన మార్గమని శాస్త్రం.

అంత సాహసం చేయలేని వాళ్ళకు ఒక మినహాయింపు ఉంది. బాస్ (Boss) అనే కంపెనీ జీఈ-7 ఈక్యూ పెడల్‌ని ఆంప్ ముందు పెట్టి (గెయిన్ దాటాక వచ్చే ఎఫెక్ట్స్ లూప్‌లో కాదు, అక్కడ అన్నం ఉడికిపోయి ఉంటుంది) 100 హెర్ట్జ్ స్లైడరు 12 డెసిబెల్స్, 200ది 6 దించండి. లెవెల్ స్లైడరు మధ్యలోనే ఉంటే బూస్ట్ అన్న మాటే రాదు. దాన్ని 3 డెసిబెల్స్ పైకి జరిపేటప్పుడు మాత్రం అటు తిరిగి జరపండి. పైగా అది పచ్చగా ఉండదు. ఏకాదశి నాడు అన్నం ముట్టనివాళ్ళు ఆరు పెసరట్లూ, వాటిలోకి ఉప్మా లాగించడం లేదూ?