చున్నీ చాటు ఫొటోలు ఇక వేయం

విజయవాడలో వ్యభిచారం పేరుతో ఏ లాడ్జి మీద దాడి జరిగినా మర్నాడు పేపర్లలో, మా పేపర్లోనూ, అదే ఫొటో. చున్నీలతో మొహాలు కప్పుకున్న ఆడవాళ్లు, పక్కన పోలీసులు. ఈమధ్య శీర్షికల్లో 'ఎస్కార్ట్' అనే మాట కూడా చేరింది. అదేదో వేరే లోకమని చదివేవారు అనుకుంటారు.

తేడా ఉన్నమాట నిజమే. బస్టాండు దగ్గర నిలబడే మనిషి నలుగురి కళ్లముందే బేరమాడుకోవాలి. ఎస్కార్ట్ బేరం ఫోన్లోనే తెగుతుంది. డబ్బు గంటల లెక్కన, విందుకో ప్రయాణానికో తోడు వెళ్లడమూ అందులోదే. సంపాదన ఎక్కువే కావచ్చు. కానీ రోడ్డు మీద ఉన్నామెకు వచ్చినవాడి మొహం చూసి వద్దనే వీలుంటుంది, తోటివాళ్ల కన్నుంటుంది, కండోములు పంచే ఆరోగ్య కార్యకర్తకు ఆమె జాడ తెలుస్తుంది. హోటల్ గది తలుపు తట్టే అమ్మాయికి బ్రోకర్ చెప్పిందే దిక్కు. కమీషన్ అతనిదే, ఆమె ఫొటోలూ అతని దగ్గరే.

చట్టంలో ఎస్కార్ట్ అనే మాటే లేదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం మేజరైన స్త్రీ తన ఇష్టంతో చేసే పనిని నేరమనలేదు. వ్యభిచార గృహం నడపడం, ఆమె సంపాదన మీద బతకడం, మనుషుల్ని ఇందులోకి దించడం నేరాలు. బహిరంగంగా పిలిచినా నేరమే. గుడి, బడి, ఆస్పత్రి లాంటి వాటికి 200 మీటర్లలోపు ఈ పని చేయకూడదు. గవర్నర్‌పేటలో, వన్‌టౌన్‌లో అలాంటి వీధి ఎక్కడుంది? మూసిన తలుపు వెనక జరిగేది కంటపడదు కనుక ఆ సెక్షన్లన్నీ వీధిలో నిలబడిన పేదరాలికే చుట్టుకుంటాయి. మరీ అన్యాయం ఇంకొకటుంది. ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు తోడుగా ఒకే గదిలో పనిచేస్తే చట్టం లెక్కలో అదీ వ్యభిచార గృహమే. ఒంటరిగా వెళ్తే ప్రాణభయం, తోడు తెచ్చుకుంటే కేసు.

మైనర్లున్న చోట, బలవంతం ఉన్న చోట పోలీసులు ఎంత కఠినంగా ఉన్నా మేము సమర్థిస్తాం. తక్కినవారి విషయంలో 2022 మే 19న సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. గుంటూరు జిల్లా కోర్టులో న్యాయవాదిగా మొదలైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు అది. ఆ స్త్రీలను పోలీసులు తిట్టకూడదు, కొట్టకూడదు, దాడుల్లో దొరికినవారి గుర్తింపు పత్రికలు బయటపెట్టకూడదు.

ఆ తర్వాత కూడా మేము అలాంటి ఫొటోలు వేశాం. అది తప్పు. ఇకపై వేయం. దాడి వార్త వచ్చినప్పుడల్లా బ్రోకర్ మీద ఏ సెక్షన్ పెట్టారో, ఆ స్త్రీని ఎక్కడికి పంపారో పోలీసులను అడిగి రాస్తాం.