ఆ నీలిరంగు ఎందుకు ఆలస్యమైంది?

యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తగానే మనకు మందులే గుర్తుకొస్తాయి. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, ఫోలిక్ ఆమ్లంపై కృషి, ఆ దారిలో వచ్చిన క్యాన్సర్ మందులు, వాటి వెంటే నోబెల్ దక్కలేదన్న బాధ. ఇవన్నీ తలచుకోదగ్గవే. అయినా భీమవరంలో పుట్టిన ఈ శాస్త్రవేత్త కృషిలో అన్నిటికన్నా లోతైనది 1925లో హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి అని నా అభిప్రాయం.

ఆ పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. ఫాస్ఫేటు (ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన రూపం) ఉన్న ద్రావణానికి ఆమ్లమూ మాలిబ్డేటూ కలిపి, ఆపైన క్షయకరణ కారకాన్ని (ఎలక్ట్రాన్లను అందించే రసాయనాన్ని) చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్టు. మామూలు ఫాస్ఫేటుతో ఈ రంగు త్వరగానే తేలుతుంది. కానీ పిల్లి కండరం నుంచి తీసిన సారంలో అది మొదట లేతగా కనిపించి, సమయం గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. రసాయనాలు సరిగా కలవలేదనుకుని చివరి అంకె రాసుకుంటే ఆ పూట పని అయిపోయేది. ఫిస్క్, సుబ్బారావులు మాత్రం ఆ ఆలస్యానికి కారణమేమిటని వెతికారు. కండరంలో ఉన్న ఏదో సమ్మేళనం ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతోందని, అంతకుముందు అందరూ దాన్ని కూడా మామూలు ఫాస్ఫేటు కిందే లెక్కగట్టారని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు ఈ సంగతి ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలాంటి అస్థిర ఫాస్ఫేటు ఉందని స్వతంత్రంగా గుర్తించారు.

ఈ ఫలితం ఎంత పెద్దదో తెలియాలంటే అప్పటి నమ్మకం తెలియాలి. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లం తయారీయే మూలమని ఆనాటి శాస్త్రలోకం భావించేది. ఆ రంగంలో కృషికి ఆర్కిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కండరం పని చేసినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతుందని, విశ్రాంతిలో మళ్లీ కూడుతుందని సుబ్బారావు బృందం చూపించాక ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్, అయోడోఅసిటేట్ ఇచ్చి లాక్టిక్ ఆమ్లం తయారీని ఆపేసినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంటుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని నిరూపించారు. ఈలోగా 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావులు విడివిడిగా, కణం పనులకు శక్తిని అందించే అణువైన ఏటీపీని కనుగొన్నారు. కణంలో శక్తి చలామణీ గురించి నేడు పాఠ్యపుస్తకాలు చెప్పేదంతా ఈ పునాది మీదే నిలిచింది. కండరాలు దెబ్బతిన్నాయన్న అనుమానంతో డాక్టర్లు రాసే సీపీకే పరీక్ష కొలిచేది కూడా, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఫాస్ఫేటును తీసి, ఏటీపీ ఒక ఫాస్ఫేటును కోల్పోతే మిగిలే ఏడీపీకి అందించి ఏటీపీగా మార్చే ఎంజైమునే.

పరిశోధనకు డబ్బు అడిగిన ప్రతివారినీ 'దీనివల్ల ఏ మందు వస్తుంది' అని నిలదీయడం నాకు సరైన పద్ధతిగా తోచదు. 1925లో ఆ ప్రశ్న అడిగి ఉంటే ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి జవాబే ఉండేది కాదు. కణం లోపల ఏ అణువు ఎంత ఉంది, ఎంత వేగంగా మారుతోంది అన్నది నమ్మకంగా కొలవగలిగినప్పుడే ఎంజైముల పని గురించి సరైన ప్రశ్న పుడుతుంది.

మన తెలుగు రాష్ట్రాలు సుబ్బారావును జయంతులకు తలచుకోవడంతో సరిపెట్టకూడదు. మన కళాశాలల బయోకెమిస్ట్రీ ప్రయోగశాలల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతితో ఫాస్ఫరస్ అంచనా ప్రయోగాన్ని చేయించేటప్పుడు, ఆశించిన విలువ రాబట్టిన విద్యార్థికే కాకుండా, రాని విలువను దాచకుండా రికార్డులో రాసి, అది ఎందుకు వచ్చిందో వివరించబోయిన విద్యార్థికి కూడా మార్కులు వేయాలి.