సవరణ: వైస్ అడ్మిరల్ వేరు, వైస్ చీఫ్ వేరు

విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతే భారత నౌకాదళంలో రెండవ స్థానంలో ఉంటారని కిందటిసారి రాశాను. అది తప్పు, పాఠకులు మన్నించాలి.

వైస్ అడ్మిరల్ అనేది హోదా, వైస్ చీఫ్ ఆఫ్ నేవల్ స్టాఫ్ అనేది పదవి. ఆ హోదా ఏకకాలంలో చాలామందికి ఉంటుంది. దళంలో రెండవ స్థానమైన ఆ పదవి మాత్రం ఒక్కరిదే, వారు ఢిల్లీలోని నౌకాదళ ప్రధాన కార్యాలయంలో ఉంటారు. మన బీచ్ రోడ్డు మీద మూడు నక్షత్రాల ఫలకంతో కారు వెళ్లిందంటే అందులో ఉన్నది వైస్ అడ్మిరల్ హోదా అధికారి అని మాత్రమే అర్థం. నేను ఆ నక్షత్రాలు చూసే పదవిని ఊహించుకున్నాను.

వైస్ చీఫ్ ముఖ్యంగా దళం భవిష్యత్ ప్రణాళికలు, కొనుగోళ్ల అవసరాలు చూస్తారు. విశాఖ కమాండ్‌లో అధిపతి తరువాతి స్థానం చీఫ్ ఆఫ్ స్టాఫ్‌ది. యుద్ధనౌక మీద కెప్టెన్ తరువాత ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ ఉంటారు. నౌక క్రమశిక్షణ, రోజువారీ పనుల అమరిక ఆయన బాధ్యత, కెప్టెన్ అశక్తులైతే నౌకను నడిపించాల్సిందీ ఆయనే.

వైస్ చీఫే తరువాత నౌకాదళ అధిపతి అవుతారన్న నా మాట కూడా సరికాదు. 2024లో అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి ఆ పదవి నుంచే అధిపతి అయ్యారు గానీ, 2019లో అడ్మిరల్ కరంబీర్ సింగ్ మన విశాఖ కమాండ్ నుంచి నేరుగా ఆ బాధ్యతకు వెళ్లారు.