మహారాజశ్రీ గాలి పైపు గారికి

మహారాజశ్రీ పంక్చర్ షాపు గాలి పైపు గారికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇటువైపు కుశలం లేదు. మా ట్రాక్టర్ ఇంజిన్లలో లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగాయి, పిస్టన్ రింగులు వదులయ్యాయి, లోపలి పొగ బయటికి వదిలే బ్రీదర్ గొట్టం పొద్దస్తమానం చుట్ట కాలుస్తోంది.

ఎండు దుక్కిలో రోటవేటర్ వేసొచ్చిన ట్రాక్టర్లన్నీ సాయంత్రానికి మీ గుమ్మం ముందే ఆగుతాయి. డ్రైవర్ ఇంజిన్ పీల్చే గాలిని వడగట్టే ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి వెనక టైరుకేసి నాలుగు బాదుతాడు. చివరి రేకు సొట్టపోతుంది, మడతల కాగితం చిట్లుతుంది. మిగిలిన ప్రాణం తీయడానికి మీకు అప్పగిస్తాడు. మీ ట్యాంకులో గాలి ఒత్తిడి 100 పీఎస్ఐ పైమాటే; ఆ కాగితం ఓర్చేది 30, అదీ కాస్త దూరం నుంచి. మీరేమో మూతి ఆనించి, పైగా బయటి నుంచి లోపలికి ఊదుతారు. పైన అంటిన దుమ్ము పీచులోకి దిగబడుతుంది. లోపలి నుంచి బయటికి ఊదాలని ఎవరైనా చెప్పే ఉంటారు, మీ చప్పుడులో మీకు వినబడి ఉండదు.

దుమ్ము మేఘంలా లేస్తుంటే చూసేవాళ్లకు అదో తృప్తి. ఫిల్టర్‌ను చీకట్లో పెట్టి లోపల బల్బు వెలిగిస్తే మీ చేతిపని చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. 3 లీటర్ల డీజిల్ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం మీద నిమిషానికి సుమారు 3,000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ చిల్లుల్లోంచి దూరిన ఇసుక ఆయిల్‌తో కలిసి, వాల్వులు రుద్దే గరుకు ల్యాపింగ్ పేస్టులా లైనర్‌ను గీకుతుంది.

అసలు రోజూ ఊదమన్నదెవరు? కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టరే కొత్తదానికన్నా బాగా వడపోస్తుంది. ఫిల్టర్‌లో గాలికి అడ్డం ఎక్కువైతే చెప్పడానికి చాలా బండ్లకు ఇండికేటర్ ఉంటుంది, ఎర్రబడితే అప్పుడు విప్పాలి. అది ఉందన్న సంగతి యజమానికి బండి అమ్మేరోజు తెలుస్తుంది.

ఈ ఫిల్టర్ లోపల రెండో కాపలాగా ఉండే చిన్న ఫిల్టర్ జోలికి మీరు అసలు రాకండి. దాన్ని ఊదకూడదు, ఉతక్కూడదు. బయటిది మూడుసార్లు మారేలోపు దీన్నొకసారి కొత్తది వేయాలి, అంతే. మావాళ్లేమో "ఇది ఉంటే పికప్ రావట్లేదు" అని పీకి టూల్ బాక్సులో దాచిపెడతారు. ఇంటికి గడియ తీసి బీరువాలో భద్రం చేసినట్టు!

బిగించేటప్పుడు మీ అవసరమే లేదు. ఇంజిన్ ఆపి, లోపలి ఫిల్టర్ కదపకుండా, ఫిల్టర్ కూర్చునే డబ్బాను తడిగుడ్డతో తుడవాలి. మీరు ఊదితే ఆ దుమ్ము మూలమూలకూ ఎగిరి కూర్చుంటుంది. సీలుకు గ్రీజు వద్దు, దుమ్ముకు అదే జిగురు. మూత క్లిప్పులు మోకాలు పెట్టి నొక్కితేగానీ పడట్లేదంటే ఫిల్టర్ వంకరగా కూర్చుంది. డబ్బాకున్న రబ్బరు ముక్కు నేలవైపే చూడాలి, రోజుకోసారి దాన్ని పిసికి మన్ను రాల్చాలి. చివరగా ఇంజిన్‌కు పోయే హోస్. ఫిల్టర్ ఎంత కొత్తదైనా ఆ క్లాంపు వదులైతే దుమ్ముకు దొడ్డిదారి దొరికినట్టే. టర్బో బండి అయితే ముందు దాని రెక్కలు అరుగుతాయి. హోస్ విప్పినప్పుడు లోపల మట్టి చారలు కనబడితే లీకు అక్కడే.

కాగితం బదులు ఆయిల్ గిన్నెతో దుమ్ము పట్టే పాత ఆయిల్ బాత్ బండ్లు మీ బారిన పడవు గానీ వాటి తిప్పలు వాటివి. గిన్నెలో గీత వరకే ఆయిల్. తక్కువైతే దుమ్ము దాటిపోతుంది. మరీ ఎక్కువ పోస్తే ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగెత్తొచ్చు.

ఇట్లు,
రీబోరుకు (అరిగిన సిలిండర్లు మళ్లీ తొలిపించడానికి) వరసలో ఉన్న ఇంజిన్ల తరఫున.

తా.క.: మీకు ఊదకపోతే పొద్దుపోదంటే, రేడియేటర్ జాలీలో గడ్డి ఇరుక్కుని ఉంది. దాన్ని ఊదండి. ఫ్యాను వైపు నుంచి ముందుకు.