రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు ఇస్తున్నాం?

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగిన ఒక పెద్దావిడ. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో మనవడి చెయ్యి. ఫుట్‌పాత్ ఎక్కుదామంటే మోకాలెత్తు గట్టు. ఎలాగో ఎక్కినా నాలుగడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం, పక్కనే వరుసగా నిలిపిన బైకులు. మళ్లీ దిగి బండ్ల మధ్యే నడవాలి. అవతలికి వెళ్లాలంటే చెయ్యి చాపి, ఒక్కో బండినీ బతిమాలుకోవాలి. మన నగరాల్లో రోజూ కళ్లబడే దృశ్యమే ఇది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకుంటే, వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు దాదాపు 90 మంది. అయినా ప్రమాదం జరిగిన ప్రతిసారీ మనం అడిగే మొదటి ప్రశ్న ‘చూసుకుని దాటొచ్చు కదా’ అని. ఇది అన్యాయం. 24 మీటర్ల రోడ్డును సెకనుకు మీటరు చొప్పున నడిచినా దాటడానికి 24 సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంకో పది కావాలి. అంత సమయమిచ్చే సిగ్నళ్లు ఎన్ని కూడళ్లలో ఉన్నాయి?

వంతెనలు కడుతున్నాం కదా అంటారు. ఉప్పల్ కూడలిలో 2023లో ప్రారంభమైన స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మంచిదే. కానీ ప్రతి బస్టాపు దగ్గరా అలాంటిది కట్టలేం. ఉత్త మెట్ల వంతెనైతే, అవసరం ఎక్కువున్నవారే ఎక్కలేరు. మనిషి నేల మీదే నడుస్తాడు, దారి కూడా అక్కడే ఇవ్వాలి. ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించడమంటే తోపుడుబండ్ల మీద పడటం కాదు. ముందు కార్లు, బైకులు, దుకాణాల ర్యాంపులు తీయించాలి.

ఫుట్‌పాత్ హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. పాదచారుల కోసం ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్డు నిర్మాణ లోపం వల్ల ప్రాణం పోతే బాధ్యత వహించాల్సిన అధికార సంస్థకూ, కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేసే వీలు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనే ఉంది. దాన్ని వాడాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ కనీసం బడుల ముందు నుంచైనా మొదలుపెట్టాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగ పరిమితి, ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్, బడి విడిచే వేళ ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. వీటికి కోట్లు అక్కర్లేదు. జూన్‌లో పిల్లలు తిరిగి బడికి వచ్చేసరికి ఈ పని పూర్తయి ఉండాలి.